పేర్లు గోడమీద వ్రాయవలెనా?

గడచిన వారము మా దుకాణమునకు మన సంఘ సభ్యులు నలుగురు వచ్చిరి. వారిలో ఇద్దరు ఆడపిల్లల తండ్రులు. యోగక్షేమములు విచారించుచుండగానే వారిలో ఒకరు జేబులోని ఫోను తీసి మా ముందుంచిరి. అందులో ఎవరిదో ఛాయాచిత్రము. దాని క్రింద, ఇతడు చిన్నపిల్లలపై అత్యాచారము చేసినవాడు, మన తాలూకాలో తిరుగుచున్నాడు, జాగ్రత్త, అని మరాఠీలో వ్రాసియున్నది. వ్రాసినదెవరో తెలియదు. ఏ కోర్టు ఏమి తీర్పు చెప్పినదో అంతకన్న తెలియదు. "అమెరికాలో ఇటువంటివారి పేర్లన్నియు ప్రభుత్వమే బయట పెట్టునట. మన పత్రికలో వారమున కొక పేరు వేసిన తప్పేమి? మన పిల్లలను మనమే కాపాడుకొనవలెను గదా!" అని వారనిరి.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఆలోచించి పత్రికలోనే వ్రాసెదమని చెప్పి పంపితిమి. ఆ జవాబే ఈ వ్యాసము.

మొదట ఒక మాట. వచ్చినవారి ఆవేదనను మేము తేలికగా తీసికొనలేదు. మేమును బిడ్డలు గలవారమే. బిడ్డ బడినుండి అరగంట ఆలస్యముగా వచ్చిన తల్లి గుమ్మములో నిలిచి యెదురుచూచుట మన యిండ్లన్నిటిలో నున్నదే. కావున ప్రశ్న పిల్లలను కాపాడవలెనా వలదా యన్నది కాదు. ఏ పని చేసిన పిల్లలు నిజముగా కాపాడబడుదురు అన్నదే ప్రశ్న.

ఈ విషయములో రెండు వేరువేరు పనులను మనవారు ఒకటిగా కలిపి మాట్లాడుచున్నారు. ఒకటి నమోదు, రెండవది ప్రకటన. శిక్ష పడిన నేరస్థుని పేరు, చిరునామా, ఛాయాచిత్రము, వ్రేలిముద్రలు పోలీసులు ఒక పట్టికలో వ్రాసి యుంచుకొనుట నమోదు. ఆ పట్టికను ఊరందరి ముందు పరచుట ప్రకటన. వ్యాపారము చేయువారికి ఈ భేదము సులభముగా తెలియును. బాకీదారుల పేర్లు మనము ఖాతా పుస్తకములో వ్రాసికొందుము. దుకాణము గోడమీద వ్రాయము. పుస్తకము లేనిదే వ్యాపారము సాగదు. గోడమీద వ్రాసిన నాడు బాకీ వసూలు కాదు సరికదా, ఆ మనిషి మన వీధికే రాడు.

అమెరికాలో నిజముగా జరుగునది చూతము. ఆ దేశములో కాలిఫోర్నియా రాష్ట్రము 1947 లోనే ఇట్టి నేరస్థుల నమోదును ప్రారంభించెను. 1994 లో కేంద్ర చట్టమొకటి అన్ని రాష్ట్రములును పట్టికలు పెట్టవలెనని చెప్పెను. ఆ యేడే న్యూజెర్సీ రాష్ట్రములో మేగన్ అను ఏడేండ్ల బాలికను, పూర్వమిట్టి నేరములకే శిక్షపడిన పొరుగింటివాడు చెరచి చంపెను. పొరుగున ఎవడున్నాడో మాకు తెలిసియుండిన మా బిడ్డ బ్రతికెడిదని తల్లిదండ్రులు దేశమంతయు వినునట్లు మొరపెట్టిరి. ఆ మొరనుండి పుట్టినదే మేగన్ చట్టము. 1996 నుండి అది దేశమంతటికిని వర్తించి, పట్టికలోని వివరములు ప్రజలకు తెలుపుట విధి యైనది. 2006 లో వచ్చిన మరియొక చట్టము నేరస్థులను మూడు తరగతులుగా విభజించెను. మొదటి తరగతివారు 15 యేండ్లు, రెండవ తరగతివారు 25 యేండ్లు, మూడవ తరగతివారు జీవితాంతము నమోదులో నుండవలెను. తరగతిని బట్టి యేటికొకసారియో, ఆరు నెలలకో, మూడు నెలలకో స్వయముగా వెళ్లి హాజరు చెప్పవలెను. ఇల్లు మారినను, కొలువు మారినను మూడు పని దినములలో తెలుపవలెను. నేడు అక్కడ పట్టికలో నున్నవారు ఏడు లక్షలకు మించియున్నారు. మన తెలుగువారు అక్కడ ఇల్లు కొనదలచిన, బడి ఎక్కడ, బజారు ఎక్కడ అని చూచునట్లే, ఆ వీధిలో ఇట్టివారెవరైన నున్నారా యని కూడ చూచుకొనవచ్చును.

ఇంగ్లాండు వేరొక దారి పట్టెను. అక్కడను 1997 నుండి నమోదు కలదు. అయితే పట్టిక పోలీసుల వద్దనే యుండును. తన బిడ్డతో చనువుగా మెలగుచున్న ఫలానా మనిషిని గూర్చి అనుమానము గల తల్లి పోలీసులను అడుగవచ్చును. వారు విచారించి, అపాయ మున్నదని తోచిన ఆ తల్లికి మాత్రము చెప్పుదురు. ఈ పద్ధతిని 2008 లో కొన్ని చోట్ల ప్రయోగించి చూచి, 2011 నాటికి ఇంగ్లాండు, వేల్సులంతట విస్తరింపజేసిరి.

మన దేశములో ఏమి కలదు? 2018 సెప్టెంబరు 20 వ తేదీన కేంద్ర హోం మంత్రిత్వ శాఖ లైంగిక నేరస్థుల జాతీయ పట్టికను ప్రారంభించెను. ప్రారంభము నాటికే అందులో 4.4 లక్షల నమోదులుండెను. జాతీయ నేర గణాంక సంస్థ దానిని నిర్వహించుచున్నది. పోలీసులు, దర్యాప్తు సంస్థలవారు మాత్రమే దానిని చూడగలరు. మీరును మేమును చూడజాలము. కర్ఖేలిలో రైలెక్కినవాడు ధర్మాబాదు దాటి బాసర చేరునప్పటికి రాష్ట్రమే మారిపోవును. పూర్వము ఇక్కడ శిక్షపడినవాడు అక్కడ కొత్తమనిషియై బ్రతుకగలిగెడివాడు. జాతీయ పట్టిక వలన నిజామాబాదు పోలీసులకు నాందేడు శిక్ష తెలియును. సరిహద్దున నివసించు మనబోటివారికి ఇది మేలైన యేర్పాటు. నమోదును మేము మనసార సమర్థించుచున్నాము.

ప్రకటన మాటయు మన తెలుగుగడ్డ మీద రాకపోలేదు. 2019 నవంబరు 27 న శంషాబాదు వద్ద పశువైద్యురాలి పై జరిగిన ఘోరము తరువాత, ఆంధ్రప్రదేశ్ శాసనసభ డిసెంబరు 13 న దిశ బిల్లును ఆమోదించెను. 21 పని దినములలో దర్యాప్తు, విచారణ ముగియవలెననుటతోపాటు, స్త్రీలపైనను పిల్లలపైనను నేరములు చేసినవారి పట్టికను ప్రజలకు బహిరంగపరచవలెనని అందులో వ్రాసిరి. మన మహారాష్ట్రలో దానిని చూచియే శక్తి బిల్లును తయారుచేసి 2021 డిసెంబరులో ఉభయ సభలును ఆమోదించెను. దిశ బిల్లు గాని, శక్తి బిల్లు గాని రాష్ట్రపతి అనుమతి పొంది అమలులోనికి రాలేదు.

ఇక ప్రకటన వలన పిల్లలకు మేలు కలుగునా? దీనికి మా సమాధానము, కలుగదనియే. ఎందువలననో చెప్పెదము.

మొదటి కారణము మన ఇండ్లలోనే యున్నది. జాతీయ నేర గణాంక సంస్థ యేటేట ప్రకటించు లెక్కలు తిరుగవేసిన, అత్యాచార నేరములలో అత్యధిక భాగమున నేరస్థుడు బాధితురాలికి తెలిసినవాడే యని తేలుచున్నది. చుట్టము, పొరుగువాడు, ఇంటికి వచ్చిపోవు స్నేహితుడు, చదువు చెప్పువాడు. మనము వీధి చివర కొత్త మనిషికై కాపలా కాయుచుండగా, దొంగ మన అరుగుమీదనే కూర్చుండి మంచినీ రడుగుచున్నాడు. మొదటిసారి నేరము చేయువాని పేరు ఏ పట్టికలోను ఉండదు.

రెండవ కారణము మొదటిదానినుండి పుట్టినదే. కర్ఖేలి వంటి ఊరిలో మేనమామ పేరు అచ్చువేసిన, మేనకోడలి పేరు వేరుగ వేయనక్కర లేదు. రచ్చకట్ట మీద కూర్చున్న ప్రతివాడును ఆ బిడ్డ యెవరో క్షణములో పోల్చుకొనును. బాధితుల ఆనవాలు బయటపెట్టుట నేరమని పిల్లల రక్షణకై 2012 లో వచ్చిన పోక్సో చట్టము 23 వ సెక్షనును, భారతీయ న్యాయ సంహిత 72 వ సెక్షనును ఘోషించుచున్నవి. చట్టము మాట అటుంచి, ఇంటి మనిషి పేరు పత్రికలో పడునని తెలిసిన ఏ తల్లి పోలీసు ఠాణా మెట్లెక్కును? పేరు ప్రకటించుదుమను బెదిరింపు నేరస్థుని నోరు కాక బిడ్డ నోరు మూయించును.

మూడవది, అమెరికా అనుభవము. ప్రెస్కాట్, రాకాఫ్ అను ఇద్దరు ఆచార్యులు 15 రాష్ట్రముల లెక్కలు పరిశీలించి 2011 లో ఒక పరిశోధన ప్రకటించిరి. పోలీసుల వద్ద నమోదు వలన, నేరస్థునికి తెలిసినవారిపై జరుగు నేరములు తగ్గినవని వారికి కనబడెను. ప్రకటన మాత్రము కొత్తవారిలో కొంత భయము పుట్టించుచున్నను, పట్టికలో నున్నవారు మరల నేరము చేయుటను పెంచు సూచనలున్నవని తేల్చిరి. కొలువు దొరకక, ఇల్లు దొరకక, పలుకరించువాడు లేక తిరుగు మనిషికి మంచిగా బ్రతుకుటవలన కలుగు లాభమేమి? ఫ్లోరిడా రాష్ట్రములోని మయామి నగరములో, బడులకు ఇంత దూరములో నివసించరాదను నిబంధనల వలన చోటు దొరకక, పదుల కొలది మనుష్యులు 2010 వరకు కొన్నియేండ్లు ఒక వంతెన క్రింద గుడారములు వేసికొని బ్రతికిరి. వంతెన క్రిందనున్న మనిషి పోలీసులకు దగ్గరగా నుండెనా, దూరముగా నుండెనా పాఠకులే ఆలోచింపుడు. 2006 లో మేన్ రాష్ట్రములో ఒక యువకుడు పట్టికలోని చిరునామాలు చూచుకొని పోయి ఇద్దరిని కాల్చి చంపెను. ఆ యిద్దరిలో ఒకడు తన 19 వ యేట, పదునారేండ్లు నిండని తన ప్రేయసితో కలిసినందుకు పట్టిక కెక్కినవాడు. గోడమీది వ్రాత పెద్ద నేరమునకును చిన్న నేరమునకును భేదము చెప్పదు.

నాలుగవది, పొరపాటు. మా దుకాణములో ఒకసారి ఒకే పేరు, ఒకే తండ్రిపేరు గల ఇద్దరిలో ఒకరి బాకీని గుమాస్తా మరియొకరి ఖాతాలో వ్రాసెను. ఆ పెద్దమనిషి వచ్చి బాధపడగా, కలముతో కొట్టివేసి క్షమాపణ చెప్పుకొంటిమి. అది పుస్తకము కనుక కొట్టివేయగలిగితిమి. ఊరూరు తిరిగిన ఛాయాచిత్రమును ఏ కలము కొట్టివేయగలదు? మా ముందుంచిన ఆ ఫోనులోని మనిషి దోషియో, నిందితుడో, ఎవరి పగకో గురియైన అమాయకుడో ఎవరు చెప్పగలరు?

నిందితునికిని దోషికిని భేదము చెరిగిపోయిన ఫలితమేమో మనకు రెండు వైపులను కనబడినది. శంషాబాదు కేసులోని నలుగురు నిందితులు 2019 డిసెంబరు 6 న చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పులలో మరణించిరి. జనము పూలు చల్లిరి. సుప్రీము కోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషను, పోలీసులు చంపవలెనని బుద్ధిపూర్వకముగా కాల్చిరనియు, మృతులలో ముగ్గురు అప్పటికి మైనర్లనియు చెప్పి, 10 మంది పోలీసులను విచారించవలెనని సిఫారసు చేసెను. ఆ నివేదిక 2022 లో బయటికి వచ్చెను. మన మహారాష్ట్రలో 2024 ఆగస్టులో బద్లాపూరు బడిలో ఇద్దరు నాలుగేండ్ల పసిబిడ్డలపై జరిగిన అకృత్యములో నిందితుడు సెప్టెంబరు 23 న పోలీసు బండిలోనే తుపాకి దెబ్బకు మరణించెను. రెండు చోట్లను న్యాయస్థానములో సాక్ష్యము చదువబడలేదు, తీర్పు వ్రాయబడలేదు. బద్లాపూరు తల్లిదండ్రుల మొదటి ఫిర్యాదు ఏమో గుర్తున్నదా? తమ మాట వ్రాసికొనుటకే గంటల తరబడి జాగు చేసిరని. తుపాకి వేగముగా పనిచేసెను; కలము పనిచేయలేదు.

పట్టికల భారము ఎంత కాలము నిలుచునో కూడ మన పెద్దలకు తెలియును. 1871 లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టము చేసి, తెగలకు తెగలనే పట్టిక కెక్కించి హాజరు చెప్పించిరి. 1952 లో ఆ చట్టము రద్దయ్యెను. అయినను స్టూవర్టుపురము పేరు చెప్పిన చాలు, తరములు గడచినను జనము సంచి గట్టిగా పట్టుకొనుట మానలేదు. ఠాణాలోని రౌడీషీటుల వంటి చరిత్ర పత్రములు పోలీసుల అంతరంగ పత్రములే గాని బహిరంగపరచవలసినవి కావని సుప్రీము కోర్టు 2024 మేలో కూడ చెప్పెను.

అయినచో చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? కాదు. ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనక తప్పదు.

చాల యేండ్ల క్రితము, పోక్సో చట్టము పుట్టకమునుపు, ఒక ఇంటిలో ఇటువంటి ఘోరమే జరిగెను. పెద్దలు కూర్చుండిరి. మేమప్పుడు చిన్నవారము; వారి వెనుక కూర్చుంటిమి. కుటుంబ పరువు, ఇతర ఆడపిల్లల పెండ్లిండ్లు, కులము మాట అన్నియు చర్చకు వచ్చెను. ఆ బిడ్డ మాట మాత్రము రాలేదు. ఆమెను గోదావరి ఆవల అమ్మమ్మ ఊరికి పంపిరి, చదువు ఆగిపోయెను. ఆ మనిషి మరునాడు యథాప్రకారము బజారులో కనబడి మాకు నమస్కారము చేసెను. మేమును ప్రతినమస్కారము చేసితిమి. ఆ నమస్కారము నేటికిని మమ్ము గ్రుచ్చుచున్నది. పేర్లు అచ్చువేయుమని నేడడుగు మనమే, నాడు పేరు దాచినవారము. ఈ రెండును ఒకే తప్పునకు రెండు ముఖములు: రెంటిలోను మనము చట్టము చేయవలసిన పనిని మన చేతిలోనికి తీసికొంటిమి, రెంటిలోను బిడ్డను మరచితిమి.

నేడు చట్టము స్పష్టముగా నున్నది. పిల్లలపై ఇట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలెనని 19 వ సెక్షను విధించుచున్నది. తెలిసియు తెలుపనివానికి ఆరు నెలల వరకు జైలు. సంస్థకు అధిపతియైనవాడు దాచిన ఒక సంవత్సరము వరకు. కావున ఇకమీదట ఇట్టి విషయములో పంచాయతీ కూర్చున్న పెద్దమనిషి కూడ నేరస్థుడే. 2024 జులై 1 నుండి అమలులోనున్న కొత్త నేర విచారణ చట్టము ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాసికొనవలెను. బాసరలో జరిగినదని ధర్మాబాదువారు గాని, ధర్మాబాదులో జరిగినదని బాసరవారు గాని త్రిప్పి పంపరాదు.

ఇంకొక విషయము మన భాషకు సంబంధించినది గనుక మరింత శ్రద్ధతో చదువుడు. మన పిల్లలు బడిలో మరాఠీ చదువుదురు. భయము కలిగినప్పుడు, ఏడ్చునప్పుడు తెలుగులోనే మాటాడుదురు. ఠాణాలో వ్రాయునది మరాఠీలో. బిడ్డ చెప్పిన మాట ఒకటి, కాగితముమీద పడిన మాట మరియొకటి యైన, కోర్టులో ఆ భేదమే నేరస్థునికి రక్షణయగును. వ్రాసిన భాష బిడ్డకు తెలియనప్పుడు అనువాదకుని సమకూర్చవలెనని 19 వ సెక్షనే చెప్పుచున్నది. వాఙ్మూలమునకు 26 వ సెక్షను, కోర్టు సాక్ష్యమునకు 38 వ సెక్షను అట్లే చెప్పుచున్నవి. బిడ్డను ఠాణాకు రప్పింపక ఇంటివద్దనే, సాధ్యమైనంత వరకు స్త్రీ అధికారిచేత, పోలీసు దుస్తులు లేకుండ విచారించవలెనని 24 వ సెక్షను. ఇది దయ కాదు, హక్కు. అడుగనివారికి హక్కు కాగితముమీదనే యుండును.

కావున మన సంఘము చేయదగిన పనులు మా మనస్సులో నున్నవి విన్నవించుచున్నాము. తెలుగు, మరాఠీ రెండును చక్కగా వచ్చిన చదువుకొన్న స్త్రీలు ముగ్గురు నలుగురు ముందుకు వచ్చిన, వారి పేర్లను జిల్లా బాల సంరక్షణ అధికారులకు అనువాదకులుగా సూచింతము. పత్రికకు కావలసిన పేర్లు ఇవి. పిల్లలతో మెలగు సిబ్బంది అందరి పూర్వ వృత్తాంతమును పోలీసులచేత విచారింపజేయవలెనని 2020 నాటి పోక్సో నియమములు బడులను, ఇతర సంస్థలను ఆదేశించుచున్నవి. మన పిల్లలు పోవు ప్రతి బడిని, బడి బండి నడుపువారి విషయములో సైతము, ఈ విచారణ జరిగినదా యని తల్లిదండ్రులు కలిసి అడుగవలెను. పోలీసుల వద్దనున్న ఆ జాతీయ పట్టిక నిజముగా మన బిడ్డలకు ఉపయోగపడు ద్వారము ఇదే. 1098 అను పిల్లల సహాయ ఫోను సంఖ్యను ప్రతి బిడ్డచేతను కంఠస్థము చేయింపుడు. మామయ్య యైనను, మాస్టారైనను, మనసునకు నచ్చని స్పర్శను గూర్చి అమ్మకు చెప్పవచ్చుననియు, చెప్పిన అమ్మ కొట్టదనియు బిడ్డకు నమ్మకము కలిగింపుడు.

మా దుకాణమునకు వచ్చిన ఆ నలుగురు మిత్రులకు మా జవాబిది. మన పత్రికలో పేర్లు వేయము. ఆ ఛాయాచిత్రమును మరియొకరికి పంపవలదు. మీకు నిజముగా అనుమానమున్న మనిషి ఎవరైన నున్న, రండి. ధర్మాబాదు ఠాణాకు మీ వెంట మేము వచ్చెదము, ఎంతసేపైనను మీ ప్రక్కన కూర్చుండెదము, తెలుగులో మీరు చెప్పినది మరాఠీలో సరిగా వ్రాసిరో లేదో చదివి వినిపించెదము. ఆనాడు వెనుక వరుసలో కూర్చుండి చేయని పనిని ఇప్పుడైనను చేయుటకు మాకు అవకాశమిండు.